జాక్ పోతే మీకెందుకమ్మా ఏడుపు?

ప్రశ్న: అమెరికా టీవీ సీరియల్ ‘దిస్ ఈజ్ అస్’లో ఇంటి పెద్ద జాక్ అంత్యక్రియల ఎపిసోడ్ చూసి వెక్కి వెక్కి ఏడ్చాను. ‘అమెరికా వాళ్ల చావుకి నీకెందుకే?’ అని మావారు ఎగతాళి చేస్తున్నారు. నాది అతేనా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: అతేం కాదమ్మా. 2018 ఫిబ్రవరిలో అది అక్కడ ప్రసారమైనప్పుడు అమెరికా వాళ్లూ ఇలాగే ఏడ్చారు. అంతకుముందే జాక్ చావుకు దారితీసిన ఇంట్లో మంటలకు పాత స్లో కుక్కర్ (నెమ్మదిగా వండే కరెంటు కుక్కర్) కారణమని చూపిస్తే, కొందరు తమ కుక్కర్లు పారేస్తామన్నారు! పాపం, స్లో కుక్కర్లు చేసే క్రాక్‌పాట్ కంపెనీ తమ సరుకు భద్రమేనని చెప్పుకోవాల్సి వచ్చింది. మీరు నయం, ఇడ్లీ కుక్కర్ జోలికి పోలేదు. నన్ను ఏడిపించింది మాత్రం ఆ కారు. జాక్ ముచ్చటపడి కొన్న కారులోనే, ఆయన లేకుండా భార్యాపిల్లలు వెళ్తుంటారు చూడండి, అక్కడ. ఈసారి మీవారిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. అప్పటికీ నవ్వితే నాకు రాయండి.