చెల్లింపు ప్రదాత ఎవరు?

సందేహం: మేం మంగళగిరి చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. దుకాణం పనులు చూసుకోవడానికి ఈమధ్య ఒక ఏఐ ఏజెంట్‌ను పెట్టుకున్నాం. పేమెంట్ ప్రొవైడర్ల లిస్టు చూపించే టూల్ అందులో ఒకటుంది. మా అబ్బాయి దాని వివరణను తెలుగు చేస్తూ ‘చెల్లింపు ప్రదాతలను జాబితా చేయి’ అని రాశాడు. నేను ‘చెల్లింపుదారుల జాబితా ఇవ్వు’ అని అడిగితే, కిందటి నెలలో డబ్బు కట్టిన కొనుగోలుదారుల పేర్లన్నీ తెచ్చి చూపించింది. తప్పు ఏజెంట్‌దా, నా తెలుగుదా? ‘చెల్లింపు ప్రదాత’ సరైన మాటేనా?

సమాధానం: ఏజెంట్ తప్పేమీ లేదమ్మా, అడిగిందే తెచ్చింది. చెల్లింపుదారు అంటే డబ్బు కట్టేవాడు. ‘పన్ను చెల్లింపుదారులు’ అని పేపర్లో రోజూ చూస్తున్నదే. మీకు కావలసింది కట్టేవాళ్లు కాదు, వాళ్లు కట్టిన డబ్బు మీ తరఫున తీసుకుని మీ ఖాతాలో జమచేసే రేజర్‌పే, పేయూ, క్యాష్‌ఫ్రీ లాంటివాళ్లు. మీ అబ్బాయి రాసిన మాటకూ ఇదే చిక్కు ఉంది. చెల్లింపు ప్రదాత అంటే చెల్లింపును ఇచ్చేవాడు. ఇచ్చేది చీర కొన్నావిడే కదా!

ఇంగ్లీషులో ప్రొవైడర్ కనబడితే చాలు, ‘ప్రదాత’ అని అతికించే అలవాటు మనవాళ్లకు ఎప్పుడు పట్టుకుందో గాని, అది నాకు మింగుడుపడదు. దాత, ప్రదాత మాటల్లో దానం ఉంది. రైతును అన్నదాత అంటాం, దేవుణ్ణి వరప్రదాత అంటాం. చేతులెత్తి మొక్కే చోట పలికే మాట అది. ప్రతి అమ్మకం మీదా కమీషన్, ఆ కమీషన్ మీద జీఎస్టీ తీసుకునే సంస్థ చేసేది న్యాయమైన వ్యాపారమే, దానం మాత్రం కాదు. రామదాసు చెరసాలలో పాడిన కీర్తన గుర్తు తెచ్చుకోండి. నగలకు పట్టిన వరహాల లెక్క చెప్పి, ‘నీ తండ్రి దశరథ మహారాజు పెట్టెనా, లేక మీ మామ జనక మహారాజు పంపెనా’ అని రాముణ్ణి నిలదీశాడు. పట్టడం, పెట్టడం, పంపడం. డబ్బు గురించి తెలుగువాడు మాట్లాడే క్రియలు ఇవి. లెక్కలు రాసిన తహసీల్దారు కనుక, ఎవరి సొమ్ము ఎవరు పెట్టారన్న తేడా ఆయనకు బాగా తెలుసు.

ఇక ‘చెల్లింపు’ సంగతి. ఈ మాటంటే నాకు మహా ఇష్టం, కాస్త ఓపిక పట్టండి. దీనికి మూలం చెల్లు. తమిళంలో ‘సెల్’ అన్నా మలయాళంలో ‘చెల్లుక’ అన్నా వెళ్లడం. తమిళుల ‘సెలవు’ ఖర్చు. చేతిలోంచి వెళ్లిపోయేది కనుక. మన చెల్లులోనూ ఆ నడకే ఉంది. చేతి నుంచి చేతికి ఆగకుండా నడిచే నాణెం చెల్లుతుంది, ఎవరూ పుచ్చుకోక ఆగిపోయింది చెల్లని కాసు. నడిచి ముగిసిపోయినదీ చెల్లినదే: కాలం చెల్లిన మందు, నూకలు చెల్లిన మనిషి. బాకీ తీరితే చెల్లుచీటి. ఇద్దరి బాకీలూ సరిపోతే చెల్లుకు చెల్లు. ‘అది నీకే చెల్లింది’ అన్నది మరో దారి.

కన్నడంలో ఇదే ‘సల్లు’. 12వ శతాబ్దిలో బసవన్న, ఈ మర్త్యలోకం కర్తారుని కమ్మటం అన్నాడు. కర్తారుడంటే సృష్టికర్త, కమ్మటం అంటే టంకశాల. ‘ఇల్లి సల్లువవరు అల్లియూ సల్లువరయ్యా’ అన్నాడు ఆ వెంటనే. ఇక్కడ చెల్లినవాళ్లు అక్కడా చెల్లుతారు, ఇక్కడ చెల్లనివాళ్లు అక్కడా చెల్లరు. మనిషిని నాణెం చేసి, బతుకును టంకశాల చేసి, ఒక్క క్రియ మీద మొత్తం నిలబెట్టాడు. ఎన్నిసార్లు చదివినా ఆ ‘సల్లువరయ్యా’ దగ్గర నేను ఆగిపోతాను.

ఆ అర్థం ఇప్పటికీ చావలేదు. 2016 నవంబరు 8 రాత్రి ఊరూరా వినిపించిన మాట ‘500, 1000 నోట్లు ఇక చెల్లవట’ అనే. 2023లో 2000 నోటును వెనక్కి తీసుకుంటున్నామన్నప్పుడు జనం అడిగిందీ ‘చెల్లుతుందా, చెల్లదా’ అనే. చెల్లుతుందనే రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇంత బతికున్న మాట పక్కన ప్రదాతను తెచ్చి కూర్చోబెట్టడమే నాకు బాధ.

‘జాబితా చేయి’ కూడా బాగాలేదు. జాబితా కొత్తగా తయారు చేయమనా, ఉన్నది చూపమనా, అందులో ఎవరినైనా చేర్చమనా? మీ టూల్ కొత్తగా దేన్నీ చేర్చదు, తీసేయదు. ఏ సంస్థలు ఉన్నాయో, ఏది పనిచేస్తోందో, దేన్ని ఆపి ఉంచారో వరసగా చూపిస్తుంది, అంతే. అందుకని ‘జాబితా చూపించు’ అనాలి. ఏజెంట్ ఏ టూల్ వాడాలో తేల్చుకునేది దాని కింద రాసిన వివరణ చదివే కాబట్టి, అక్కడ మాట స్పష్టంగా లేకపోతే పని తప్పుతుంది. ఈసారి కొనుగోలుదారుల పేర్లు మీ కంట మాత్రమే పడ్డాయి, సరిపోయింది.

మరి ప్రదాత బదులు ఏమనాలి? ‘చెల్లింపు సంస్థలు’ అనాలని నా మొగ్గు. అయితే అదే వరసలో క్యాష్ ఆన్ డెలివరీ కూడా ఉంటే అది సంస్థ కాదు, అప్పుడు ‘చెల్లింపు సేవలు’ నయం. ‘చెల్లింపు మార్గాలు’ అనకండి, యూపీఐ, కార్డు లాంటివాటికి ఆ మాట కావాలి. మీ దుకాణంలో అందరూ పేమెంట్ గేట్‌వే అంటుంటే అలాగే రాసినా నేను తప్పు పట్టను. టూల్ వివరణ మాత్రం ఇలా మార్చి చూడండి: ‘ఈ దుకాణం తరఫున డబ్బు వసూలు చేసిపెట్టే సంస్థలేవో చూపించు. కొనుగోలుదారుల వివరాలు వద్దు.’