పతకం ఆశ లేని ఆటగాళ్ళ గురించి రాసేటప్పుడు కథ ఎక్కడ తప్పుతుంది?

"అనంతపురంలో కాలేజీ పిల్లలం కలిసి ఆన్‌లైన్ స్పోర్ట్స్ పేజీ నడుపుతున్నాం. ఒలింపిక్స్‌లో గెలిచే అవకాశం లేకుండా దిగేవాళ్ళ గురించి ఏం రాసినా అయితే జాలికథ, లేదంటే నవ్వులాట అవుతోంది" అని కొందరు విద్యార్థులు అన్నారు.

జిల్లా డెస్కులో స్పోర్ట్స్ వార్తలు దిద్దేవాళ్ళకి ఇది పాత తలనొప్పే. పొరపాటు చాలాసార్లు గడియారం దగ్గర మొదలవుతుంది. పారిస్ ఒలింపిక్స్ అప్పుడు అక్కడికీ మనకీ మూడున్నర గంటల తేడా. అక్కడ రాత్రి 9కి రేసంటే ఇక్కడ పన్నెండున్నర. కర్నూలు, కడప జిల్లా పేజీలు అంతసేపు ఆగవు. అందుకని అమ్మానాన్నల కూలిపని, రేకుల ఇల్లు, అప్పులు అన్నీ మధ్యాహ్నమే రాసిపెట్టి, ఫలితానికి ఖాళీ వదులుతారు. రాత్రి ఆ ఖాళీలో ఒక అంకె పడుతుంది, ఆట గురించి అంతే. మీకు ప్రింటింగ్ గడువు లేదు, ఆ పద్ధతి మీకెందుకు?

మధ్యాహ్నం ఎంట్రీ లిస్టు (పోటీదారుల జాబితా) తెరవండి. పేరు పక్కన పీబీ (ఇప్పటిదాకా అత్యుత్తమం), ఎస్‌బీ (ఈ సీజన్‌లో అత్యుత్తమం) ఉంటాయి. ఆ దేశపు జాతీయ రికార్డు వెతికి పక్కన రాసుకోండి. రేసు అయ్యాక వచ్చిన టైమును ఈ మూడింటితోనే పోల్చండి, విజేత టైముతో కాదు. హీట్‌లో (తొలి రౌండ్ రేసులో) ఎనిమిదో స్థానమైనా పీబీ పడితే వార్త మొదటి వాక్యం అదే. 100, 200 మీటర్లలో గాలి అంకె కూడా చూడాలి. వెనక గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటితే ఆ టైము రికార్డుకు చెల్లదు. ఇది చూడకుండా "జాతీయ రికార్డు బద్దలు" అని హెడ్డింగ్ పెట్టి మర్నాడు దిద్దుకోవడం మామూలే.

తర్వాత, ఆ మనిషి పోటీకి ఎలా వచ్చాడో ఒక్క వాక్యంలో చెప్పండి: అర్హత ప్రమాణం దాటా, ర్యాంకింగ్ మీదా, లేక అర్హులెవరూ లేని దేశాలకు అథ్లెటిక్స్, ఈతలో ఇచ్చే సార్వత్రిక కోటాలోనా? ఈ వాక్యం లేకపోతే చదివేవాడికి "ఇతన్ని ఎవరు పంపార్రా" అనే నవ్వే మిగులుతుంది.

2000 సిడ్నీలో ఈక్వటోరియల్ గినియా ఈతగాడు ఎరిక్ మూసంబానికి జరిగింది ఇదే. 100 మీటర్ల ఫ్రీస్టయిల్ హీట్‌లో మిగతా ఇద్దరూ ముందే దూకి అనర్హులయ్యారు. ఒంటరిగా ఈది 1:52.72కు చేరాడు. అంతకుముందు 50 మీటర్ల కొలను చూడనివాడు. లోకమంతా ఆయనకు "ఈల్" (పాములాంటి చేప) అని ముద్దుపేరు పెట్టి నవ్వింది, చప్పట్లూ కొట్టింది. తర్వాత నాలుగేళ్ళలో ఆయన టైము 57 సెకన్ల లోపుకు వచ్చింది. సగానికి సగం! 2012లో జాతీయ జట్టు కోచ్ కూడా అయ్యాడు. నా దృష్టిలో అసలు వార్త ఇది. సిడ్నీ వీడియో చూసినవాళ్ళలో ఇది తెలిసినవాళ్ళు తక్కువ.

మన దగ్గర తప్పు ఇంకో రకం. వరంగల్ జిల్లా అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్లలో 55.82 సెకన్లతో కాంస్యం గెలిచింది. కథనాల్లో ఎక్కువ చోటు చిన్నప్పుడు ఊళ్ళో ఎదురైన ఎగతాళికే పోయింది. అదే ఏడాది జపాన్‌లోని కోబెలో ఆమె 55.07తో ప్రపంచ రికార్డు పెట్టింది. ఆ ముప్పావు సెకను తేడా ఏ వంద మీటర్లలో వచ్చిందన్నది క్రీడా పేజీ అడగాల్సిన ప్రశ్న. పారా పోటీలైతే విభాగం కూడా వివరించాలి. ఆమెది టీ20, అంటే మేధో వైకల్యం ఉన్నవాళ్ళ విభాగం. మనవాళ్ళు క్రికెట్ అనుకుంటారు.

పేదరికం రాయొద్దని కాదు. ఆటకు అడ్డుపడినచోట రాయండి: స్పైక్స్ (పరుగు బూట్లు) ధర, ట్రాక్ ఎన్ని కిలోమీటర్ల దూరం, బస్సు ఎన్నింటికి, రోజుకు ఎన్ని గుడ్లు. అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానాలకు, కడపలో స్పోర్ట్స్ స్కూలుకు వెళ్ళి కోచ్‌ని అడిగితే ఇవన్నీ లెక్కతో చెబుతారు. "మట్టిలో మాణిక్యం" హెడ్డింగ్ మాత్రం మానేయండి. ఇంటికి వెళ్తే అమ్మను ఏడిపించే ప్రశ్న వేయకండి, శిక్షణ డైరీ ఉంటే చూపించమనండి. పోటీ అయిన ఆరు నెలలకు మళ్ళీ ఫోన్ చేయాలని ఆ రోజే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.