రోలర్ హాకీలో "బీ వరల్డ్ కప్" అంటే ఏంటి? మెయిన్ వరల్డ్ కప్‌కి తేడా ఏంటి?

మా గుంటూరులో సాయంత్రం పూట పిల్లలు నాలుగు చక్రాల స్కేట్స్ వేసుకుని, మోకాళ్లకి ప్యాడ్లు కట్టుకుని గుండ్రంగా తిరుగుతుంటారు చూడండి, అదే స్కేట్స్ మీద కర్రతో గట్టి రబ్బరు బంతిని కొడుతూ ఆడేదే రోలర్ హాకీ. గోల్‌కీపర్‌తో కలిపి ఒక్కో టీమ్‌కి ఐదుగురే, రింక్ (ఆడే స్థలం) మామూలుగా 40 మీటర్లు బై 20 మీటర్లు, చుట్టూ అడ్డుగోడ ఉంటది కాబట్టి బంతి గోడకి తగిలి వెనక్కొచ్చినా ఆట ఆగదు.

ఇక బీ సంగతి. పోర్చుగల్, స్పెయిన్, అర్జెంటీనా, ఇటలీ లాంటి పెద్ద టీమ్స్‌తో చిన్న దేశాలు ఆడితే స్కోరు చూడ్డానికే మొహమాటంగా ఉంటది, అందుకని రెండో డివిజన్ పెట్టారు. అప్పట్లో బేసి సంవత్సరాల్లో మెయిన్ కప్పు, సరి సంవత్సరాల్లో బీ జరిగేవి, 2010లో ఆస్ట్రియాలోని డోర్న్‌బిర్న్‌లో జరిగింది అలాంటిదే. దీంట్లో టాప్ 3 టీమ్స్ తర్వాతి మెయిన్ కప్పుకి వెళ్లేవి, అక్కడ అడుగున మిగిలిన మూడు ఇక్కడికి దిగేవి. క్లాసులో సెక్షన్ మార్చినట్టే అనుకోండి, కాకపోతే ఇక్కడ రికమండేషన్లు పనిచెయ్యవు 😄

2017లో చైనాలోని నాన్‌జింగ్‌లో వరల్డ్ రోలర్ గేమ్స్ (స్కేటింగ్ ఆటలన్నీ కలిపి పెట్టే పోటీలు) మొదలయ్యాక ఆ పద్ధతి మారింది, అన్ని లెవెల్స్ ఒకే ఊళ్లో ఒకేసారి పెట్టడం మొదలెట్టారు, 2019 బార్సిలోనాలో రెండో లెవెల్‌కి ఇంటర్‌కాంటినెంటల్ అని పేరు.

అన్నట్టు ఇన్‌లైన్ హాకీతో కలపొద్దు, అది ఒకే వరస చక్రాలు, బంతి బదులు పక్ (చపటా గుండ్రటి బిళ్ల).