షెడ్డు ఖాళీ చేస్తూ పానెల్ బోర్డు విప్పుకోవచ్చా?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో అద్దె షెడ్డులో లేత్ వర్క్‌షాపు నడుపుతున్నాను. నెలాఖరుకి ఖాళీ చేయాలి. త్రీఫేజ్ పానెల్ బోర్డు నా డబ్బుతో పెట్టించుకున్నదే. గోడకు బిగించాక అది షెడ్డుదేనంటున్నారు ఓనరుగారు. కరెంటు సర్వీసు ఆయన పేరునే ఉంది. మెయిన్ దించి తానే విప్పేస్తానంటున్నాడు మా హెల్పర్ కుర్రాడు. విప్పించొచ్చా?

జవాబు: అగ్రిమెంటు అడ్డు రాకపోతే బోర్డు మీరు పట్టుకెళ్లొచ్చు. ఆ కుర్రాడి చేత మాత్రం విప్పించకండి.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108(హెచ్) ప్రకారం అద్దెదారు తాను బిగించుకున్నవి తీసుకెళ్లొచ్చు. అయితే షెడ్డు తన స్వాధీనంలో ఉండగానే తీసుకోవాలి, తనకిచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే అప్పజెప్పాలి. తాళాలు ఇచ్చేశాక వెళ్లి అడిగితే ఈ సెక్షన్ అక్కరకు రాదు. అగ్రిమెంటులో ‘ఫిట్టింగులన్నీ యజమానికే’ అని రాసుంటే కథ వేరు. ఆ కాగితం ఇవాళే తీసి చదవండి. సంతకం పెట్టిన రోజు తర్వాత దాన్ని తెరిచేవాళ్లు తక్కువ.

ఇక విప్పడం. బోర్డులో మెయిన్ దించినా మీటరు నుంచి వచ్చే కేబులూ, అది బిగించిన టెర్మినళ్లూ లైవులోనే ఉంటాయి. స్పానర్ పెట్టాల్సింది సరిగ్గా అక్కడే! పవర్ ఫ్యాక్టర్ కోసం కెపాసిటర్లు ఉంటే సప్లయి పోయాక కూడా వాటిలో చార్జి నిలుస్తుంది. జనరేటరు ఉంటే అటునుంచి కరెంటు రావచ్చు. అందుకే ఇలాంటి పని లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే చేయాలని భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. కుర్రాడికి ఏమన్నా అయితే పరిహారం మీ మీద పడుతుంది. ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద 5 ఏళ్ల దాకా జైలు. ‘వాడే విప్పుతానన్నాడు’ అంటే కేసు ఆగదు.

మీటరు, సీళ్లు, సర్వీసు వైరు జోలికి కాంట్రాక్టరు కూడా పోకూడదు. అనుమతి లేకుండా లైను నుంచి మీటరు విడదీస్తే 2003 విద్యుత్ చట్టం 138 కింద 3 ఏళ్ల దాకా జైలు గానీ, 10 వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. కాబట్టి సప్లయి ఆపమని కరెంటు పంపిణీ సంస్థ సీపీడీసీఎల్ వారి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. సర్వీసు ఓనరుగారిది కనుక సంతకం ఆయనే పెట్టాలి.

అంటే ఆయనతో పేచీ పెట్టుకుంటే పని జరగదు. మీరు చేరేనాటికి ఉన్న మెయిన్ స్విచ్ తిరిగి బిగించి, గోడ బొక్కలు పూడ్చి, కేబులు కొసలు మూసి ఇస్తానని రాసివ్వండి. సగం మంది ఓనర్లు ఇక్కడే మెత్తబడతారు. వినకపోతే లాయరు నోటీసు, ఆ తర్వాత సివిల్ కోర్టు. పాత బోర్డు ఖరీదు కన్నా లాయరు ఫీజు ఎక్కువయ్యేలా ఉంటే కొంత సొమ్ము తీసుకుని ఆయనకే వదిలేయడం మేలు (ఈ మాట మా వృత్తివాళ్లకు నచ్చదనుకోండి). ఏదైనా నెలాఖరు లోపే తేల్చుకోండి. గడువు దాటాక షెడ్డు పట్టుకుని కూర్చుంటే నష్టపరిహారం ఆయనే మిమ్మల్ని అడగొచ్చు.