‘థైరాయిడ్ ఉంది’ అనవచ్చా?

సందేహం: మా ఆవిడకు థైరాయిడ్ ఉందని డాక్టరుగారు మందులు రాశారు. ఆ మాటే ఫోన్లో చుట్టాలతో అంటుంటే, ఇంటర్ బైపీసీ చదివే మా మనవడు ‘థైరాయిడ్ అందరికీ ఉంటుంది తాతయ్యా, అది లేకపోతేనే ప్రమాదం’ అని నవ్వాడు. నా వాక్యం తప్పా? వాడి పుస్తకంలో దాన్ని అవటు గ్రంథి అన్నారు. అవటు అంటే ఏమిటి? ఒకచోట గ్రంథి, ఇంకోచోట గ్రంధి అని కూడా చూశాను. ఏది ఒప్పు?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: మీ మనవడి సైన్సు ఒప్పే, మీ తెలుగూ ఒప్పే. గొంతు ముందు భాగంలో శ్వాసనాళానికి అటూ ఇటూ సీతాకోకచిలుక రెక్కల్లా అంటుకుని ఉండే ఆ గ్రంథి మనందరికీ ఉంటుంది. కానీ తెలుగులో ‘ఉంది’ అన్నంత మాత్రాన హాజరు వేసినట్టు కాదు. ‘ఆ పిల్లకి నోరుంది’ అంటే తోటిపిల్లలు నోరు లేకుండా పుట్టారని కాదు. ‘పెళ్ళయ్యాక ఒళ్ళొచ్చింది’ అంటే అంతకుముందు ఒళ్ళు లేదని కాదు. కడుపు రావడం సంగతి సరేసరి. అవయవం పేరు ఒక్కటి చెప్పి, దానికి వచ్చిన తేడాను వినేవాళ్ళకు వదిలేయడం మనకు పాత అలవాటు. ఆలంకారికులు దీన్నే లక్షణ అన్నారు. ‘గంగలో గొల్లపల్లె’ అంటే నీళ్ళలో ఇళ్ళు వెతకం, ఒడ్డున వెతుకుతాం. ‘థైరాయిడ్ ఉంది’ కూడా అలాంటిదే.

ఈమధ్య మా విజయవాడ సూర్యారావుపేటలో ఒక ల్యాబుకి పరగడుపున వెళ్ళి కూర్చున్నాను. బల్లమీద పక్కనున్న పెద్దావిడ కాసేపు నన్ను పరకాయించి, ‘నాకు షుగరు, బీపీ, థైరాయిడ్ మూడూ ఉన్నాయి బాబూ, నీకేముంది?’ అని అడిగింది. బీపీ ఒక్కటే అన్నాను. పాపం అన్నట్టు చూసింది. ఆవిడ చెప్పిన మూడింటిలో ఒకటి రక్తంలో ఉండే పదార్థం, ఒకటి రక్తం ఒత్తిడి, ఒకటి గ్రంథి. మూడూ ఆరోగ్యవంతుడికీ ఉండేవే. అయినా ఆవిడ ఏమంటోందో ఆ గదిలో అర్థం కానివాళ్ళు లేరు.

ఇలాంటిచోట అర్థాన్ని మోసేది క్రియ. ‘షుగర్ వచ్చింది’ అంటే జబ్బు. ‘షుగర్ పెరిగింది’, ‘షుగర్ పడిపోయింది’ అంటే కొలత. షుగర్ వచ్చినవాడికి షుగర్ పడిపోయిందని నోట్లో పంచదార వేస్తాం. మాట ఒకటే, తికమక పడేవాళ్ళు లేరు. ‘నాకు బీపీ తెప్పించకు’ అన్నప్పుడైతే అది జబ్బూ కాదు, కొలతా కాదు, ఉత్త కోపం.

మీ మనవడు పట్టుకోవలసింది ‘ఉంది’ని కాదు, ‘థైరాయిడ్ పెరిగింది’ అనే మాటని. అక్కడ నిజంగానే చిక్కుంది. రిపోర్టులో మనం ముందు చూసేది టీఎస్‌హెచ్ (థైరాయిడ్ స్టిమ్యులేటింగ్ హార్మోన్) అంకె. ఆ హార్మోన్ థైరాయిడ్‌లో పుట్టదు. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథి దాన్ని రక్తంలోకి వదిలి, పని చెయ్యమని థైరాయిడ్‌ను అదిలిస్తుంది. థైరాయిడ్ మందగిస్తే సాధారణంగా ఆ అదిలింపు ఎక్కువవుతుంది, పాలేరు కదలకపోతే ఆసామి గొంతు పెంచినట్టు. రిపోర్టులో పెద్దగా కనిపించే అంకె ఆసామి గొంతుది. దాన్ని చూసి ‘థైరాయిడ్ పెరిగింది’ అంటాం, చాలామందిలో అప్పుడు తగ్గింది థైరాయిడ్ హార్మోనే. గొంతు దగ్గర వాపు కనిపించినా ఈ మాటే, హార్మోన్ నిజంగా ఎక్కువైనా ఈ మాటే. తగ్గినప్పుడు ఇచ్చే మందు వేరు, ఎక్కువైనప్పుడు ఇచ్చేది వేరు. కాబట్టి ‘టీఎస్‌హెచ్ పెరిగింది’ అనండి, లేదా ‘థైరాయిడ్ సరిగా పనిచేయడం లేదు’ అనండి.

ఇక అవటు. ఇది సంస్కృత పదం. అమరకోశంలో అవటు, ఘాట, కృకాటిక అని ఒకే వరుసలో వస్తాయి, మూడింటికీ మెడ వెనుక భాగమనే అర్థం. అంటే మన పెడతల కింది చోటు. గ్రంథి చూస్తే మెడకు ముందుంది! 1656లో థామస్ వార్టన్ ఆ గ్రంథికి థైరాయిడ్ పేరు పెట్టింది డాలు అనే అర్థం ఉన్న గ్రీకు మాటతో. మన పారిభాషిక పదం పెట్టినవారికి మెడ అన్న సంబంధం చాలనిపించిందేమో.

అయితే వ్యుత్పత్తి పొసగలేదని పదాన్ని కొట్టిపారేయలేం. రక్తం అంటే రంగు పట్టినది, ఎర్రబడినది అని మూలార్థం. రాగం, అనురక్తి, విరక్తి అన్నీ ఆ ధాతువు పిల్లలే. ఆ లెక్కన ‘ఎర్ర రక్తకణాలు’ రెండుసార్లు ఎరుపు, ‘తెల్ల రక్తకణాలు’ తెల్లటి ఎర్రకణాలు. పరీక్షలో ఏ పిల్లవాడూ ఇక్కడ తడబడడు. అచ్చతెలుగు నెత్తురు ఉండగా రక్తం ఎందుకని కొందరు అడుగుతారు. రెండూ మనకు కావాలి. దెబ్బ తగిలితే నెత్తురు కారుతుంది, ఆసుపత్రిలో రక్తం ఎక్కిస్తారు. ‘నెత్తురు పరీక్ష’ అని బోర్డు పెడితే లోపలికి వెళ్ళడానికి నేనైతే జంకుతాను.

నాకు అవటుతో ఉన్న పేచీ దాన్ని పలికేవాళ్ళు లేకపోవడం. ఇంట్లో, ఆసుపత్రిలో, మందుల షాపులో థైరాయిడ్ అనే అంటాం. జవాబుపత్రంలో మనవడు పుస్తకంలో ఉన్నట్టు అవటు గ్రంథి అనే రాయాలి, లేకపోతే మార్కులు పోతాయేమో. మీరు మాత్రం నిశ్చింతగా థైరాయిడ్ అనండి.

అదే పుస్తకంలోని పీయూష గ్రంథి మీద నాకు ప్రీతి. పిట్యూటరీ అనే పేరు కఫం అనే అర్థం ఉన్న లాటిన్ మాటనుంచి వచ్చింది. మెదడులోని చీమిడి దీని ద్వారా ముక్కులోకి దిగుతుందని పూర్వం పాశ్చాత్యులు అనుకున్నారు. మనవాళ్ళు బహుశా ఆ శబ్దానికి దగ్గరగా ఉందని పీయూషం అన్నారు. పీయూషం అంటే అమృతం. కొత్తగా ఈనిన ఆవు పాలు, అంటే మన జున్నుపాలు అనే అర్థం కూడా ఉంది. బాలింతకు పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ ఈ గ్రంథిలోనే తయారవుతుంది. కావాలని కుదిర్చినా ఇంత బాగా కుదరదు. మూత్రపిండాల నెత్తిన కూర్చున్నవాటికి అధివృక్క గ్రంథులు అనే పేరూ సరిగ్గా ఉంది. వృక్కం అంటే మూత్రపిండం, అధి అంటే పైన. చదివితే చాలు, ఎక్కడుందో తెలిసిపోతుంది.

చివరి సందేహానికి జవాబు చిన్నది. గ్రంథి ఒప్పు, గ్రంధి తప్పు. గ్రంథానికీ గ్రంథికీ ధాతువు ఒకటే, ముడివేయడం, కూర్చడం అని దాని అర్థం. తాటాకులకు చిల్లు పెట్టి దారంతో కూరిస్తే గ్రంథం, ముడిలా ఉబ్బి కనిపించేది గ్రంథి. గ్రంథాలయం బోర్డు గుర్తుంటే థ మరిచిపోరు. థైరాయిడ్, పీయూష, అధివృక్క గ్రంథుల్లాంటివాటిని వినాళ గ్రంథులు అని కూడా రాస్తారు. ఇక్కడి ‘వి’ విమలలోని వి, లేదని చెప్పేది. విజ్ఞానంలోని వి అనుకుని ‘విశేషమైన నాళాలున్న గ్రంథులు’ అని రాసిన పిల్లవాడి పేపరు నేను చూశాను. లాలాజల గ్రంథికి నాళం ఉంటుంది, వీటికి ఉండదు, హార్మోన్ నేరుగా రక్తంలో కలుస్తుంది.

గ్రంథికి తెలుగు మాట లేదా అని మీరు అడగలేదు గానీ, ఉంది. చెవుల కింద, దవడ దగ్గర లాలాజల గ్రంథులు వాచిపోతే గవదబిళ్ళలు అంటాం, కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కట్టిందంటాం. ఆ బిళ్ళే.