వేరు మొక్క (వేర్ల కోసం కింద నాటే మొక్క) మీద అంటు కడితే ద్రాక్ష రకం మారిపోతుందా?

మారదు, థామ్సన్ సీడ్‌లెస్ అంటు కడితే థామ్సన్ సీడ్‌లెస్సే కాస్తుంది. తీపి, పులుపు కాస్త అటూ ఇటూ అవ్వొచ్చు గానీ కాయ రకాన్ని తేల్చేది పైన కట్టిన కొమ్మే. కింది మొక్క పని నేలతో వేగడం. ఎండలు ముదిరి, బోర్లు ఎండి, ఉన్న కాసిని నీళ్లూ ఉప్పెక్కుతున్న చోట సొంత వేర్ల తీగకి ముందు ఆకు అంచులు మాడతాయి, తర్వాత కాపు పడిపోతుంది.

అందుకే మహారాష్ట్రలో చాలామంది ముందు డాగ్రిడ్జ్ నాటుతారు. అది టెక్సస్ అడవి ద్రాక్ష, ఉప్పును పైకి పెద్దగా పోనివ్వదు. ఫిబ్రవరి, మార్చిలో నాటితే వానాకాలం చివరికి కాండం పెన్సిల్ లావవుతుంది, అప్పుడు దాన్ని కోసి, మధ్యకు చీల్చి, ఉలిలా చెక్కిన థామ్సన్ పుల్లను అందులో దింపి గట్టిగా టేపు చుడతారు.

రకం మారుతుందన్న భయం కన్నా పెద్ద పొరపాటు ఇంకోటుంది: ఈ వేర్లు ఉన్నాయి కదా, ఇక డ్రిప్ ఎందుకు అనుకోవడం. కరువును తట్టుకోవడం వేరు, నీళ్లు లేకుండా కాయడం వేరు. అలాగని ధారాళంగా నీళ్లూ యూరియా ఇచ్చినా కష్టమే, డాగ్రిడ్జ్‌కి అసలే జోరెక్కువ, తీగంతా ఆకు కమ్మేసి గుత్తులు తగ్గుతాయి.