ట్రైలర్ నేల దిగుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: అమెరికాలో పాత ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) కొన్నాం. తలుపు దగ్గర అడుగేస్తే నేల దిగుతోంది. ఆరబెట్టి పైన కొత్త వినైల్ షీటు పరిచేయొచ్చా?

జవాబు: వద్దండీ, తడి లోపలే ఉండిపోయి చెక్క కుళ్లుతూనే ఉంటుంది. ముందు నీరు ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోండి. చాలాసార్లు పైకప్పు అతుకో, కిటికీ అంచో కారణం. అది మూశాకే నేల పని. పాత షీటు లేపి స్క్రూడ్రైవర్‌తో పొడవండి. మొన సులువుగా దిగి, చెక్క తడి అటుకుల్లా విడిపోతే ఆ ముక్క కోసేయాల్సిందే. గట్టిగా ఉంటే ఫ్యాను, డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ లాగే యంత్రం) పెట్టి, తేమ మీటరు 15 శాతం లోపు చూపేదాకా ఆరనివ్వండి. తడిసిన ఇన్సులేషన్ (వేడి, చలి ఆపే పొర) తీసేయండి. రంపం లోతు ప్లైవుడ్ మందానికే పెట్టండి. కింద వైర్లు, గొట్టాలు ఉండొచ్చు. కోత నేల కింది దూలం మధ్యకు రావాలి, లేకపోతే కొత్త ముక్క అంచుకు ఆధారం ఉండదు. అదే మందం ప్లైవుడ్‌ను జిగురు పూసి, 6 అంగుళాలకో స్క్రూతో బిగించండి.